విదేశంలో ఇల్లు కొనే ముందు: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు వరసగా చూసుకోవాల్సినవి

రేణిగుంట దగ్గర మూడు సెంట్ల ప్లాటు కొనాలన్నా మనవాళ్లు ఎంత ఆరా తీస్తారు! ఈసీ తీయిస్తారు. లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకు చూపిస్తారు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో వెతుకుతారు, తుడా అప్రూవల్ అడుగుతారు. ఇవన్నీ అయ్యాక కూడా సాయంత్రం పూట ఒకసారి పోయి పక్క పొలం వాళ్లను పలకరించి వస్తారు. అలాంటి మనుషులే హోటల్ హాల్లో పెట్టిన ఎగ్జిబిషన్‌లో గంటసేపు కూర్చుని, ఎప్పుడూ చూడని ఊళ్లో, ఇంకా కట్టని ఫ్లాటుకు టోకెన్ ఇచ్చి వస్తున్నారు. బ్రోషర్‌లో సముద్రం కనిపిస్తుంది. ఆ ఫ్లాటును రేపు అమ్మాలంటే ఎవరు కొంటారో, యజమానికి ఏమైనా అయితే భార్యాపిల్లలకు ఎలా చేరుతుందో ఏ బ్రోషర్‌లోనూ ఉండదు. అందుకే ఈ వ్యాసంలో కొనుగోలు కంటే ముందు బయటికి వచ్చే దారి చెబుతున్నాను. మీరూ అదే వరసలో చూడండి.

మొదటి అడుగు: ఎవరి కోసం కొంటున్నారో తేల్చుకోండి

మన వైపు నుంచి విదేశీ ఇంటి మాట సాధారణంగా మూడు రకాలుగా వస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో అక్కడ ఇల్లు కొంటూ, "నాన్నా, డౌన్ పేమెంటుకు కొంచెం సాయం చేస్తారా, మీ పేరు కూడా పెడతాను" అంటారు. గల్ఫ్‌లో పనిచేసే వాళ్లు సంపాదించిన చోటే ఒక ఆస్తి ఉండాలనుకుంటారు. ఇక్కడే ఉండే వ్యాపారులు, డాక్టర్లు అద్దె వస్తుందనో వీసా వస్తుందనో దుబాయ్ వైపు చూస్తారు. ఈ మూడింటికీ చట్టం, పన్ను, రిస్కు వేర్వేరు. ఒకరికి చెప్పిన సలహా ఇంకొకరికి పనికిరాదు.

పిల్లల ఇంటి సంగతికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డబ్బు ఇవ్వదలిస్తే పిల్లలకు గిఫ్టుగా పంపండి, ఇంటి పత్రాల్లో మీ పేరు వద్దు. అమెరికాలో నివాసం లేని విదేశీయుడి పేరున అక్కడ ఆస్తి ఉండి ఆయన చనిపోతే, 60,000 డాలర్ల పైన ఉన్న విలువ మీద ఎస్టేట్ ట్యాక్స్ పడుతుంది. అది 40 శాతం దాకా పోతుంది. ఈ పన్ను విషయంలో భారత్‌కూ అమెరికాకూ ఒప్పందం లేదు. ప్రేమతో పెట్టిన పేరు ఆ పిల్లల మీదే భారమవుతుంది. గిఫ్టు కూడా ఏడాది పరిమితి లోపలే పోవాలి, ఆ సంగతి కింద వస్తుంది.

వీసా కోసమే ఇల్లు కొంటుంటే మరీ నిదానంగా ఆలోచించండి. ఇల్లు కొంటే నివాస అనుమతి ఇస్తామన్న పోర్చుగల్ 2023లో ఆ దారి మూసేసింది. స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో మూసేసింది. దుబాయ్‌లో 20 లక్షల దిర్హాముల ఆస్తికి గోల్డెన్ వీసా ఉంది. కానీ ఏ దేశమైనా వీసా నియమాన్ని ఎప్పుడైనా మార్చుకోగలదు. వీసా పోయినా ఆ ఇల్లు మీకు అక్కరకొస్తుందా? రాదంటే కొనకండి.

రెండో అడుగు: అమ్మకం, వారసత్వం ముందే అడగండి

ఏజెంటును మొదట అడగాల్సిన మాట రేటు గురించి కాదు. "ఇదే బిల్డింగులో పోయిన ఏడాది ఎవరైనా తిరిగి అమ్ముకున్నారా, ఎంతకు?" అని అడగండి. బిల్డరు కొత్తవి అమ్మిన ధర ఒకటి, కొన్నవాళ్లు తిరిగి అమ్ముకున్న ధర ఇంకొకటి. పక్కనే అదే బిల్డరు కొత్త టవర్లు వాయిదాల మీద అమ్ముతుంటే మీ పాత ఫ్లాటును రొక్కం పెట్టి కొనేవాడు దొరకడం కష్టం. ధరలు ఎప్పుడూ పైకే పోతాయన్న మాటనూ నమ్మొద్దు. 2008 చివర్లో మొదలైన పతనంలో దుబాయ్ ధరలు చాలా చోట్ల సగానికి దగ్గరగా పడిపోయాయి, ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి. 2014 తర్వాత మళ్లీ ఐదారేళ్లు మెల్లగా జారాయి.

అమ్మేటప్పుడు ఆ దేశం ఎంత పట్టుకుంటుందో కూడా ఇప్పుడే తెలుసుకోండి. అమెరికాలో విదేశీయుడు ఇల్లు అమ్మితే కొనేవాడు సాధారణంగా అమ్మకం ధరలో 15 శాతం ఆపి అక్కడి పన్ను శాఖకు కట్టాలి. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. తర్వాత రిటర్ను వేసి మిగిలింది వెనక్కి తెచ్చుకోవాలి.

ఇక వారసత్వం. మన ఇళ్లలో ఈ మాట ఎత్తితేనే అశుభం అంటారు. అయినా ఎత్తాలి. తిరుపతి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేసిన వీలునామా దుబాయ్‌లో దానంతటదే నడవదు. ధ్రువీకరణలు, అరబిక్ అనువాదం, అక్కడి కోర్టు ఉత్తర్వు కావాలి. ఈ లోపు అద్దె వచ్చే అక్కడి బ్యాంకు ఖాతా కూడా ఆగిపోవచ్చు. ముస్లిమేతరుల కోసం దుబాయ్‌లోని డీఐఎఫ్‌సీ అనే అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలో 2015 నుంచి వీలునామా నమోదు చేసుకునే ఏర్పాటు ఉంది. ఫ్లాటు కొన్న వెంటనే ఆ ఖర్చు పెట్టేయండి. ముస్లిం కుటుంబాలకు అక్కడ వాటాలు సాధారణంగా షరియా ప్రకారం పోతాయి. పెద్దాయన మనసులో వేరే పంపకం ఉంటే కొనక ముందే అక్కడి లాయరుతో మాట్లాడాలి.

మూడో అడుగు: ఆ దేశం మీకు అమ్ముతుందో లేదో చూడండి

మన జిల్లాల నుంచి, పక్కన అన్నమయ్య, కడప జిల్లాల నుంచి లెక్కలేనంత మంది కువైట్‌లో ఉన్నారు. అక్కడ ఎన్నేళ్లు పనిచేసినా భారతీయులకు సాధారణంగా ఇల్లు కొనే హక్కు లేదు. "అరబ్బు పేరున కొని మనకు అగ్రిమెంటు రాయిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. ఆ అగ్రిమెంటు పట్టుకుని ఏ కోర్టుకూ పోలేరు.

దుబాయ్‌లో 2006 నాటి 7వ నంబరు చట్టం ప్రకారం నిర్దేశించిన ప్రాంతాల్లోనే విదేశీయులకు పూర్తి యాజమాన్యం దొరుకుతుంది. మీ ఫ్లాటు ఆ ప్రాంతంలో ఉందా, లేక చాలా ఏళ్ల లీజు మాత్రమేనా అన్నది అడగండి. కెనడా 2023 జనవరి 1 నుంచి విదేశీయులు ఇళ్లు కొనడాన్ని నిషేధించి, గడువును 2027 జనవరి 1 దాకా పొడిగించింది. అక్కడ పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చిన మన పిల్లలకు ఆ నిషేధం వర్తించదు. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి విదేశీయులు పాత ఇళ్లు కొనడాన్ని ఆపింది. సింగపూర్‌లో విదేశీయుడు కొంటే ధర మీద 60 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ. థాయ్‌లాండ్‌లో భూమి విదేశీయుడి పేరున రాదు, అపార్టుమెంట్లలో కూడా బిల్డింగు విస్తీర్ణంలో 49 శాతం వరకే విదేశీయులకు.

నాలుగో అడుగు: డబ్బు పోయే దారి

ఎక్కువ మంది చిక్కుల్లో పడేది ఇక్కడే. విదేశంలో మోసపోతే పోయేది పెట్టిన డబ్బు. ఇక్కడి నుంచి తప్పు దారిలో పంపితే ఇక్కడి ఆస్తులకు కూడా ముప్పు.

భారత్‌లో నివాసం ఉండే ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రిజర్వు బ్యాంకు వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీం కింద 2,50,000 డాలర్లు పంపవచ్చు. బ్యాంకుల్లో దీన్ని ఎల్ఆర్ఎస్ అంటారు. చదువులకు, ప్రయాణాలకు, గిఫ్టులకు పంపినవన్నీ కలిపే ఆ పరిమితి. కొడుకు ఎంఎస్ ఫీజు అదే ఏడాది మీ పాన్ మీద పోయి ఉంటే అది తీసేసి లెక్క వేసుకోండి. ఈ స్కీం వ్యక్తులకే. అవిభక్త హిందూ కుటుంబం పేరున, భాగస్వామ్య సంస్థ పేరున, కంపెనీ పేరున పంపడానికి లేదు. చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీ కరెంట్ ఖాతా నుంచి సొంత ఫ్లాటుకు డబ్బు పంపుదామనుకుంటే కుదరదు. భార్యాభర్తలిద్దరి పరిమితీ కలపాలంటే ఇద్దరూ ఆస్తిలో యజమానులుగా ఉండాలి.

బ్యాంకుకు పోయేటప్పుడు ఫారెక్స్ వ్యవహారాలు చూసే బ్రాంచికే పోండి, చిన్న బ్రాంచిల్లో ఇది చేయరు. పాన్, విదేశానికి డబ్బు పంపడానికి నింపే ఫారం ఏ2, కొనుగోలు ఒప్పందం చేతిలో ఉండాలి. ఫారంలో డబ్బు ఎందుకు పంపుతున్నారో తెలిపే కోడ్ ఉంటుంది. విదేశీ స్థిరాస్తికి ఉన్న కోడే వేయండి. "కుటుంబ పోషణ అని రాసేయండి సార్, గబగబా అయిపోతుంది" అనే ఏజెంట్లున్నారు. అది తప్పుడు డిక్లరేషన్. సంతకం మీది, ఏజెంటుది కాదు.

టోకెన్‌కు క్రెడిట్ కార్డు గీకొద్దు. ఆస్తి కొనుగోలు లాంటి మూలధన చెల్లింపులకు అంతర్జాతీయ క్రెడిట్ కార్డు వాడటానికి అనుమతి లేదు. ఇక్కడి బ్యాంకు నుంచి అప్పు తీసి పంపడమూ కుదరదు. ఎల్ఆర్ఎస్ కింద ఇలాంటి చెల్లింపుల కోసం బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు. చంద్రగిరి దగ్గర పొలం తాకట్టు పెట్టి దుబాయ్ వాయిదా కడదామనే ఆలోచన ఉంటే వదిలేయండి. తాళాలు చేతికొచ్చాక కూడా రెండు మూడేళ్లు వాయిదాలు కట్టొచ్చనే ప్లాన్లు అక్కడ బాగా అమ్ముడుపోతాయి. అది విదేశీ అప్పు కిందికి రావచ్చు. ఒప్పందం మీద సంతకం పెట్టక ముందే విదేశీ మారక చట్టం తెలిసిన ఆడిటర్ చేత రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, "రూపాయలు ఇక్కడ ఇచ్చేయండి, అక్కడ దిర్హాములు మావాళ్లు కట్టేస్తారు" అనే మాట. అది హవాలా. ఫెమా, అంటే విదేశీ మారక చట్టం కింద జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉంటుంది. విదేశంలో అక్రమంగా ఆస్తి ఉంచారని తేలితే దానికి సమానమైన విలువున్న ఇక్కడి ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం అదే చట్టంలోని 37ఏ సెక్షన్‌లో ఉంది. అంటే మీరుంటున్న ఇల్లు కూడా.

ఐదో అడుగు: చేతిలో ఎంత ఉండాలో కాగితం మీద వేయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. దుబాయ్‌లో 7,50,000 దిర్హాముల ఫ్లాటు. దిర్హాము డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంటుంది. డాలరు 90 రూపాయలనుకుంటే దిర్హాము ఇరవై నాలుగున్నర. ఫ్లాటు ధర 1,83,75,000 రూపాయలు. ల్యాండ్ డిపార్టుమెంటు బదిలీ ఫీజు 4 శాతం, అది 7,35,000. ఇంతవరకు ఏజెంటు చెబుతాడు.

చెప్పనిది టీసీఎస్. ఏడాదిలో 10 లక్షలు దాటి పంపిన మొత్తం మీద, ఇలాంటి పెట్టుబడికైతే, బ్యాంకు 20 శాతం పన్ను వసూలు చేస్తుంది. పై ఫ్లాటు ధర ఒక్కరే ఒకే ఏడాదిలో పంపితే ఆ టీసీఎస్ 34,75,000 రూపాయలు. బదిలీ ఫీజు కూడా ఇక్కడి నుంచే పోతే దాని మీదా పడుతుంది. ఈ డబ్బు పోదు, రిటర్నులో మీ పన్నుకు సర్దుకుంటుంది, మిగిలితే రిఫండ్ వస్తుంది. కానీ అప్పటిదాకా అది మీ చేతిలో ఉండదు. కోటి ఎనభై లక్షల ఫ్లాటు అనుకున్నవాళ్లు రెండు కోట్ల పాతిక లక్షలకు పైగా సిద్ధం చేసుకోవాల్సి వస్తుంది. చివరి వాయిదాకు చిక్కుకునేది ఈ లెక్క మరిచిపోయిన వాళ్లే.

రూపాయి సంగతి కూడా ఉంది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు వాయిదాలు మూడేళ్లుంటాయి. 2023 చివర్లో డాలరు 83 రూపాయల దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. లక్ష డాలర్ల వాయిదా మిగిలి ఉన్నవాళ్లకు ఫ్లాటు ధర ఒక్క పైసా పెరగకుండానే ఏడు లక్షలు పెరిగింది.

మీరు తిరుపతిలో ఇల్లు అమ్మి ఆ డబ్బుతో అక్కడ కొందామనుకుంటుంటే ఇంకో మాట. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే లాభం మీద పన్ను ఉండదని మనకు 54వ సెక్షన్‌గా తెలిసిన మినహాయింపు, కొత్త ఇల్లు భారత్‌లో ఉంటేనే. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఇల్లమ్మి దుబాయ్‌లో కొంటే లాభం మీద పన్ను కట్టాల్సిందే.

ఆరో అడుగు: అక్కడి కాగితాలు మీ కళ్లతో చూడండి

రియల్ ఎస్టేట్‌ను నియంత్రించే సంస్థ రెరా. ఆంధ్రప్రదేశ్ రెరాకు విదేశీ ప్రాజెక్టుల మీద అధికారం లేదు. ఎగ్జిబిషన్‌లో రెరా అప్రూవ్డ్ అని రాసి ఉంటే అది ఏ దేశపు రెరా అని అడగండి. దుబాయ్‌కి సొంత రెరా ఉంది, 2007లో పెట్టారు. అక్కడి ల్యాండ్ డిపార్టుమెంటు వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో ప్రాజెక్టు వివరాలు, బ్రోకరు లైసెన్సు చూసుకోవచ్చు. బ్రోకరు తన ఫోనులో చూపించింది చాలదు, మీ ఫోనులో మీరే వెతకండి.

2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం కట్టుబడిలో ఉన్న ప్రాజెక్టుకు విడిగా ఎస్క్రో ఖాతా ఉండాలి, కొనేవాళ్ల డబ్బు అందులోకే పోవాలి. మీరు పంపే ఖాతా పేరు, ప్రాజెక్టు పేరు కలుస్తున్నాయా చూడండి. ఏజెంటు ఖాతాకు, మార్కెటింగ్ కంపెనీ ఖాతాకు రూపాయి కూడా వద్దు. డబ్బు కట్టాక మీ కొనుగోలు ఊకూద్ అనే తాత్కాలిక రిజిస్టర్‌లో ఎక్కాలి. ఆ పత్రం రాకుండా రెండో వాయిదా కట్టొద్దు. ఇల్లు పూర్తయ్యాక టైటిల్ డీడ్ వస్తుంది.

వీలైతే ఒకసారి పోయి చూసి రండి. చెన్నై నుంచి నాలుగు గంటల చిల్లర విమానం. కోట్లు పెట్టే చోట టికెట్టు ఖర్చు ఒక లెక్కా? పోయినప్పుడు బిల్డరు కారులో మాత్రమే తిరగొద్దు. అక్కడే ఉన్న మనవాళ్లను, రాయలసీమ వాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, వెంటబెట్టుకుని ఆ బిల్డింగు వాచ్‌మన్‌తోనో పక్క ఫ్లాటు వాళ్లతోనో మాట్లాడండి. ఖాళీ ఫ్లాట్లు ఎన్ని, లిఫ్టు ఎలా పనిచేస్తుంది, మెయింటెనెన్స్ ఏటా ఎంత పెంచుతున్నారు అన్నది వాళ్లే చెప్పగలరు.

పోలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాల్సి వస్తుంది. ఇక్కడ నోటరీ సంతకంతో అది పూర్తి కాదు, విదేశాంగ శాఖ ధ్రువీకరణ, ఆ దేశం అడిగే మిగతా ముద్రలు కావాలి. ఆ పత్రంలో కొనే అధికారం మాత్రమే రాయించండి. అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం ఎవ్వరికీ వద్దు, తోడబుట్టినవాడైనా సరే.

ఏడో అడుగు: అద్దె లెక్క

"ఏటా 8 శాతం గ్యారంటీ అద్దె" అంటే ఆ గ్యారంటీ ఎవరు ఇస్తున్నారు, ఎన్నేళ్లు, ఆ కంపెనీ మూతపడితే ఏమిటి అని అడగండి. చాలాసార్లు ఆ డబ్బు ఫ్లాటు ధరలో ముందే కలిపి ఉంటుంది. అద్దెలోంచి సర్వీస్ చార్జీ తీసేయాలి. దుబాయ్‌లో దాన్ని చదరపు అడుగుకు ఇంత అని ఏటా వేస్తారు. అడుగుకు 15 దిర్హాములనుకుంటే 800 అడుగుల ఫ్లాటుకు 12,000 దిర్హాములు, అంటే దాదాపు మూడు లక్షల రూపాయలు. ఫ్లాటు ఖాళీగా ఉన్నా కట్టాలి. అమెరికాలోని టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోయినా ఇంటి పన్ను బరువు, చాలా చోట్ల ఏటా ఇంటి విలువలో 2 శాతం చుట్టుపక్కల.

దుబాయ్‌లో పన్ను లేదన్న మాట సగమే నిజం. మీ అద్దె మీద అక్కడ ఆదాయపు పన్ను లేదు. కానీ మీరు ఉండేది తిరుపతిలో. ఇక్కడ నివాసి అయినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ పన్ను పరిధిలోదే. అక్కడ కట్టలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు.

ఎనిమిదో అడుగు: ప్రతి ఏడాదీ రిటర్నులో చూపించండి

విదేశీ ఆస్తి ఉన్న రెసిడెంట్ సులువైన ఐటీఆర్-1 వేయకూడదు. విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఉన్న ఫారం వేసి అందులో ఈ ఇంటి వివరాలు నింపాలి. అద్దె రాకపోయినా, ఇక్కడ పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా రిటర్ను వేయాలి. ఇల్లాలి పేరు కలిపి కొని, ఆమె రిటర్ను వేయకుండా వదిలేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇద్దరూ వేయాలి.

చూపించకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా పడవచ్చు. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఆ జరిమానాలో సడలింపు ఇచ్చారు గానీ, స్థిరాస్తికి ఆ సడలింపు లేదు. షేర్ల గురించి ఎవరో చెప్పిన మాట విని ఇంటిని వదిలేయకండి.

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో తిరిగొచ్చేసిన వాళ్లకు ఒక ఊరట. అక్కడ నివాసం ఉన్నప్పుడు అక్కడి సంపాదనతో కొన్న ఇంటిని ఇక్కడికి వచ్చాక కూడా ఉంచుకోవచ్చు, ఫెమా 6(4) సెక్షన్ అందుకు అనుమతిస్తుంది. అప్పటి జీతం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వీసా ముద్రలున్న పాత పాస్‌పోర్టులు పారేయకండి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా అడిగితే చూపించాల్సింది అవే.

అమ్మినప్పుడు లాభం ఇక్కడా లెక్కలోకి వస్తుంది. 24 నెలలు దాటి ఉంచుకుంటే దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. కొన్నప్పటి రూపాయి విలువతో లెక్క వేస్తారు కాబట్టి, దిర్హాముల్లో కొన్న ధరకే అమ్మినా రూపాయల్లో లాభం కనిపించవచ్చు. అమ్మిన డబ్బును 180 రోజుల్లోగా నిబంధనల ప్రకారం మళ్లీ పెట్టుబడి పెట్టాలి, లేదంటే ఇక్కడికి తేవాలి.

ఆ రిటర్నుకు కావాల్సినవి కొన్న రోజు నుంచే ఒక ఫైలులో పెట్టండి. డబ్బు పంపిన ప్రతిసారీ బ్యాంకు రుజువుగా ఇచ్చిన స్విఫ్ట్ కాపీ, ఫారం ఏ2 నకలు, ఆ రోజు మారకపు రేటు, టీసీఎస్ సర్టిఫికెట్, ఊకూద్ లేదా టైటిల్ డీడ్, సర్వీస్ చార్జీ రసీదులు, అద్దె ఒప్పందం, వీలునామా నకలు. విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో వివరాలు మన ఆర్థిక సంవత్సరానికి కాకుండా డిసెంబరు 31తో ముగిసే క్యాలెండర్ సంవత్సరానికి అడుగుతారు. అందుకే జనవరిలోనే ఆ లెక్క తీసి ఆడిటర్‌కు ఇచ్చేయండి.